చెల్కమట్టి ఇటుక పేజీ: ‘బస్తాకు 60 తట్టలు’ అని రాస్తే సరిపోతదా?

చెల్కమన్ను (ఆదివారం, రాత్రి 8:40)

మట్టి, సున్నం, రాయితోటి కట్టే కట్టడాల మీద అందరం కలిసి రాస్తున్న తెలుగు వికీల ‘సిమెంటు మట్టి ఇటుక’ (మట్టిల కొంచెం సిమెంటు కలిపి, కాల్చకుంట మిషన్ల ఒత్తే ఇటుక) పేజీ ఇంకా మొలకగానే, అంటే నాలుగు లైన్ల మీదనే ఉన్నది. హన్మకొండ, పరకాల, ములుగు దిక్కు దొరికే ఎర్రచెల్కకు పనికొచ్చేటట్టు పెంచుదామని ప్రయోగశాలల (వికీల రాసి చూసుకునే పేజీల) ముసాయిదా పెట్టిన. అసలు భాగం ఇది:

«పైన అడుగు మందం మట్టి తీసి పక్కన పెట్టాలె. కిందది తవ్వి, ఆరబెట్టి, జల్లెడ పట్టాలె. బస్తా సిమెంటుకు 60 తట్టల మట్టి, సరిపోను నీళ్లు. మిషన్ల వేసి ఒత్తాలె. 28 రోజులు తడపాలె.»

పైమట్టి తీసుడు ఎందుకంటే అండ్ల వేర్లు, ఎరువు ఉంటయి, అవి సిమెంటును పట్టుకోనియ్యవు. ఆ ముక్క కూడ రాస్త. ఇంకేం తక్కువున్నదో మొహమాటం లేకుంట చెప్పున్రి.

కొలతపెట్టె (ఆదివారం, రాత్రి 9:25)

‘60 తట్టలు’ దగ్గరే ఆగిపోయిన అన్నా. ఏ తట్ట? 10 లీటర్లు పట్టేదా, 14 లీటర్లు పట్టేదా? గీటుకు సమానంగ పోసుడా, గోపురం లెక్క పోసుడా?

లెక్క చూడు. పొడిగ, వదులుగ ఉన్న చెల్కమట్టి లీటరుకు సుమారు 1.25 కిలోలు తూగుతది అనుకుందాం. 10 లీటర్ల తట్ట అయితే 60 తట్టలకు 750 కిలోలు. 50 కిలోల బస్తాకు 6.7 శాతం సిమెంటు పడ్డట్టు. 14 లీటర్లదైతే 1050 కిలోలు, అంటే 4.8 శాతమే. ఒకే వాక్యం చదివి ఇద్దరు రెండు వేరే ఇటుకలు చేస్తరు. ఒకటి వానకు నిలుస్తది, ఇంకొకటి అనుమానమే.

దీనికి 35 లీటర్ల కొలత పెట్టె వాడుడు మేలు. లోపలి కొలతలు 40×35×25 సెం.మీ. ఒక బస్తా సిమెంటు పరిమాణం సుమారు అంతే కాబట్టి కాంక్రీటు పనికి సైట్ల మీద ఇదే పెట్టె ఉంటది. 5 శాతానికి 1000 కిలోల పొడి మట్టి కావాలె, అది 800 లీటర్లు, అంటే 23 పెట్టెలు. కాని ఆ 1.25 ఊరూరికి మారుతది. పెట్టె నింపి, గీటుకు సమానం చేసి, మూడుసార్లు తూచి సగటు తీసి, ఆ అంకె పేజీల మట్టి పేరు పక్కన రాయాలె.

ఇంకోటి, తేమ. పొలం కాడి నుంచి తెచ్చిన మట్టిల 5, 6 శాతం నీళ్లు ఉండుడు మామూలే. అర కిలో మట్టిని పెనం మీద పూర్తిగ ఆరేదాక వేడి చేసి మళ్ల తూస్తే ఎంతున్నదో తెలుస్తది. 6 శాతం తేమ ఉంటే 1000 కిలోల పొడి మట్టికి 1060 కిలోలు తూచాలె. ఇసుక కలిపేటోళ్లకు ఇంకా చిక్కు. తడి ఇసుక పొంగుతది, పొడిదానికంటే పావు వంతు ఎక్కువ జాగ పడుతది. పెట్టెతోటి కొలిస్తే ఇసుక తక్కువ పడుతది.

పరకాల పిల్లగాడు (ఆదివారం, రాత్రి 9:50)

‘సరిపోను నీళ్లు’ అంటే ఎన్ని అన్నా? ఒక్క బస్తాకు ఎన్ని ఇటుకలు వస్తయి? పేజీ చూసి మేస్త్రి అడిగేది ఈ రెండే.

కాజీపేట జంక్షన్ (ఆదివారం, రాత్రి 10:30)

ఇటుక కొలత చెప్పకుండా లెక్క రాదు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని ‘అస్త్ర’ బృందం నుంచి వచ్చిన మర్దిని చేతి మిషన్ అచ్చు తీసుకుందాం: 230×190×100 మి.మీ. ఘనపరిమాణం 4.37 లీటర్లు. పొడి సాంద్రత లీటరుకు 1.8 కిలోలు రావాలంటే ఒక్కో ఇటుకలో 7.87 కిలోల పొడి మిశ్రమం ఉండాలి.

5 శాతానికి: 1000 కిలోల మట్టి, 50 కిలోల సిమెంటు, మొత్తం 1050 కిలోలు. 133 ఇటుకలు. 7 శాతానికి మట్టి 714 కిలోలే పడుతుంది, 97 ఇటుకలు వస్తాయి.

నీళ్లు పొడి మిశ్రమంలో 10 నుంచి 12 శాతం మధ్య మొదలుపెట్టాలి. 1050 కిలోలకు 105 నుంచి 126 లీటర్లు. అందులో, పైన చెప్పిన 6 శాతం తేమ లెక్కన మట్టిలో ముందే ఉన్న 60 లీటర్లు తీసేస్తే పోయాల్సింది 45 నుంచి 66 మాత్రమే. ఈ తీసివేత మరిచిపోతే మిశ్రమం బురదవుతుంది, మిషన్ మూత పడదు.

సైట్లో సరిచూసుకునే పద్ధతి: కలిపిన మట్టిని పిడికిట గట్టిగా ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలాలి. నాలుగైదు ముక్కలైతే నీళ్లు సరిగ్గా ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే తక్కువ. ఒకే ముద్దగా అణిగితే ఎక్కువ.

బస్తా మొత్తం ఒకేసారి తడపొద్దు. నీళ్లు తగిలిన అరగంట దాటితే సిమెంటు గట్టిపడటం మొదలవుతుంది, ఆ తర్వాత ఒత్తితే ఆ పట్టు విరిగిపోతుంది. పావు బస్తా చొప్పున తడపాలి: 12.5 కిలోల సిమెంటు, 250 కిలోల పొడి మట్టి, 33 ఇటుకలు. ముందు పొడిగా రెండుసార్లు తిరగేసి, రంగు ఒకే తీరుగా వచ్చాకే నీళ్లు. అదీ గంపతో కుమ్మరించడం కాదు, చిల్లుల డబ్బాతో చల్లడం.

వీక్షణ జాబితా (సోమవారం, ఉదయం 6:15)

లెక్కలు బాగున్నాయి. ఒక్క మాట: ‘1.8 సాంద్రతకు’ అనే షరతు లేకుండా ‘బస్తాకు 133 ఇటుకలు’ అని పట్టికలో పెట్టొద్దు. పట్టిక మాత్రమే చదివి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

కాజీపేట జంక్షన్ (సోమవారం, ఉదయం 7:05)

ఒప్పుకుంటా. మిషన్ రకం కూడా రాయాలి. చేతి మిషన్‌లో అచ్చు కొలత మారదు, లోపల వేసిన బరువు మారితే సాంద్రత మారుతుంది. తడి మిశ్రమం 8.7 కిలోలు వేయాల్సిన చోట 8.1 వేస్తే ఇటుక చూడటానికి అదే ఎత్తు, సాంద్రత మాత్రం 1.67కి పడిపోతుంది. కంటికి తెలియదు. అందుకే ప్రతి పోతా తూచాలి, లేదా తూచి గీత పెట్టిన డబ్బా వాడాలి. హైడ్రాలిక్ మిషన్ ఒత్తిడి స్థిరంగా పెడుతుంది కాబట్టి అక్కడ బరువు తేడా ఇటుక ఎత్తులో కనిపిస్తుంది, మేస్త్రి వరుసలో దొరికిపోతుంది.

ములుగు మొరం (సోమవారం, ఉదయం 9:10)

మిషన్ కాకతీయల చెరువుల నుంచి తీసిన పూడిక మట్టి ఊళ్లల్ల కుప్పలున్నయి కదా. దానితోటి చేస్తే తవ్వకం ఖర్చు మిగులుతది. పేజీల ఒక లైను పెట్టరాదు?

కాజీపేట జంక్షన్ (సోమవారం, ఉదయం 9:40)

పెట్టాలి, ‘వద్దు’ అని. పూడిక మట్టి పొలానికి మంచిదవడానికి కారణమే ఇటుకకు చెడ్డది. సన్నటి బంకమన్ను, కుళ్లిన ఆకు అలములు ఎక్కువ, ఇసుక తక్కువ. ఆరితే పగులుతుంది, సిమెంటు తొందరగా పట్టుకోదు. నల్లరేగడిదీ దగ్గరదగ్గర అదే కథ: అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజం తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. చెల్క గ్రానైటు రాయి అరిగి వచ్చిన మట్టి. గరుసు, ఇసుక దానిలోనే ఉంటాయి.

అయితే చెల్క అంతా ఒక్కటి కాదు, దిబ్బ మీదది వేరు, పల్లంలోది వేరు. పేజీలో మట్టి పరీక్షకు వేరే విభాగం ఉండాలి.

సీసా పరీక్ష: అడుగు సమంగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు మట్టి, నిండా నీళ్లు, చిటికెడు ఉప్పు. బాగా కుదిపి, గంట నాననిచ్చి, మళ్లీ కుదిపి కదలకుండా పెట్టాలి. నిమిషంలో దిగిన పొర గరుసు, ఇసుక. దాని మీద గంటల్లో దిగేది ఒండ్రు. మర్నాటికి పైన నిలిచేది బంక. ఆరోవిల్ భూమి సంస్థ చెప్పే మంచి పాళ్లు: గరుసు 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 శాతం. నీళ్లలో బంక ఉబ్బి ఉంటుంది కాబట్టి సీసాలో బంక పొర ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది. ఈ హెచ్చరిక పేజీలో రాకపోతే జనం అవసరం లేని ఇసుక కొంటారు.

అందుకే రెండోది, పెట్టె పరీక్ష. లోపల 60×4×4 సెం.మీ. ఉన్న చెక్క పెట్టెకు నూనె రాసి, జారుగా కలిపిన మట్టి గాలి లేకుండా నింపి, ఎండలో 3 రోజులు గానీ నీడలో 7 రోజులు గానీ ఆరబెట్టాలి. ముక్కలన్నీ ఒక చివరికి నెట్టి ఖాళీ కొలవాలి. 15 మి.మీ. లోపు ఉంటే 5, 6 శాతం సిమెంటుతో మొదలుపెట్టొచ్చు. 45 దాటితే ఇసుక కలపకుండా ముందుకు పోవద్దు.

ఇసుక లెక్క: బంక 35 శాతం ఉన్న మట్టి 100 కిలోలకు బంక లేని ఇసుక 75 కిలోలు కలిపితే 20 శాతానికి దిగుతుంది. క్రషర్ డస్ట్ వాడితే దానికీ సీసా పరీక్ష చేయాలి, సన్నటి రాతి పిండి చాలా ఉంటుంది.

డంగు సున్నం (సోమవారం, మధ్యాహ్నం 1:20)

నల్లరేగడిని ఒక్క ‘వద్దు’తో కొట్టేయకండి సార్. సిమెంటుకు వద్దు, అంతే. బంక ఎక్కువున్న మట్టికి సున్నం పని చేస్తుంది, ఎందుకంటే సున్నం ఆ బంకతోనే రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది. 6 శాతం దగ్గర మొదలుపెట్టి, 10 దాకా పరీక్ష ముక్కలు చేసి చూడాలి. కాని ఆ చర్య నెమ్మది. సిమెంటు ఇటుకకు రాసిన 28 రోజుల లెక్క సున్నం ఇటుకకు అతికించొద్దు, తేమ పోకుండా కప్పి ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలి. సున్నం ఇటుకకు వేరే పేజీ తెరిచి ఇక్కడి నుంచి లంకె ఇవ్వండి. ఒకే పట్టికలో రెండూ పెడితే ఎవరో ఒకరు 5 శాతం సున్నం వేసి నాలుగు వారాలకు గోడ లేపుతారు.

ఆ పేజీలో మొదటి వరుస ఇదే ఉండాలి: రాతి సున్నం చల్లార్చేటప్పుడు సున్నాన్ని నీళ్లలో వేయాలి గానీ నీళ్లు సున్నం మీద పోయొద్దు, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. చిమ్మితే కన్ను పోతుంది.

పరకాల పిల్లగాడు (సోమవారం, మధ్యాహ్నం 2:05)

పేజీల రామప్ప నీళ్ల మీద తేలే ఇటుకల గురించి పెడితే బాగుంటది కదా? మన దిక్కుది. జనం చదువుతరు.

వీక్షణ జాబితా (సోమవారం, సాయంత్రం 5:30)

జనం చదువుతారు, తప్పుగా అర్థం చేసుకుంటారు. 1213 నాటి రామప్ప గుడి శిఖరంలో వాడినవి బరువు తక్కువ ఉండేలా కాల్చిన ఇటుకలు. మన పేజీ కాల్చని ఇటుక గురించి. ఓరుగల్లు మట్టికోట కూడా ఇటుక కాదు, పోసి అణిచిన కట్ట. రెండింటికీ ‘ఇవి కూడా చూడండి’లో లంకెలు చాలు.

ఇక వికీ సంగతులు.

మూలాలు: ఈ వికీ వికీపీడియా కాదు. వికీపీడియాలో సొంత పరిశోధన చెల్లదు. ఇక్కడ, 2006లో మొదలైన అప్రోపీడియా అనే వికీలో లాగే, చేసి కొలిచినదాన్ని రాయొచ్చు. కాని కొలిచింది ఒక రకం, చదివింది ఒక రకం. పట్టికలో ‘కొలిచినది’, ‘పుస్తకం లెక్క’ అని రెండు నిలువు వరుసలు పెట్టండి. కొలిచినదైతే మట్టి ఏ మండలానిది, ఏ నెల, ఏ మిషన్, ఎన్ని ఇటుకలు పరీక్షించారు. మూడు ఇటుకల సగటును ‘బలం ఇంత’ అని రాస్తే ‘మూలం కావాలి’ అనే గుర్తు తగిలిస్తా.

ప్రమాణం: ఈ రకం ఇటుకలకున్న భారతీయ ప్రమాణాన్ని ఐఎస్ 1725 అని మాత్రమే రాస్తే 1982దా, 2013 సవరణా అని తెలియదు. సంవత్సరం తప్పనిసరి. భారతీయ ప్రమాణాలు ఉచితంగా దించుకోవచ్చు, అంతమాత్రాన కాపీహక్కు పోదు. పట్టికల ఫొటోలు ఎక్కించొద్దు. అవసరమైన అంకెను మన మాటల్లో రాసి, నిబంధన సంఖ్య ఇవ్వండి.

బొమ్మలు: సొంతంగా తీసినవి, సీసీ బై-ఎస్ఏ 4.0 (తీసినవారి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) కింద. వ్యాపారానికి వాడొద్దు అనే షరతున్నవి ఇక్కడ చెల్లవు. ప్రతి ఫొటోలో టేపు కనపడాలి. ఇంటి నంబరు, యజమాని ముఖం, ఫొటోలో దాగి ఉండే జీపీఎస్ తీసేయాలి. పగిలిన ఇటుక ఫొటోలు మంచి ఇటుక ఫొటోలకంటే విలువైనవి, సిగ్గుపడకుండా పెట్టండి.

పేరు: ‘మట్టి ఇటుక’, ‘మడ్ బ్లాక్’, ‘సీఎస్ఈబీ’ (కంప్రెస్డ్ స్టెబిలైజ్డ్ ఎర్త్ బ్లాక్), ‘సిమెంటు మట్టి పెళ్ల’, ఎవరు ఏది వెతికినా ఈ పేజీకే రావాలి. దారిమార్పులు పెట్టండి. సవరణ సారాంశంలో ‘మార్పులు’ అని రాయకండి, ‘తట్టలు తీసి లీటర్లు పెట్టాను’ అని రాయండి. ఆరు నెలల తర్వాత చరిత్ర తిరగేసేవాడికి అదే దిక్కు.

రూపాయలు రాయొద్దు. రాసినా సంవత్సరం, ఊరు పక్కన లేకుండా రాయొద్దు. సామాను ఎంత, మనుషులు ఎంతమంది, ఎన్ని రోజులు అని రాస్తే ఎప్పటి ధరకైనా ఎవరైనా గుణించుకుంటారు.

చెల్కమన్ను (సోమవారం, రాత్రి 9:00)

ముసాయిదాల ‘మట్టి గోడ ఇల్లు 5 డిగ్రీలు చల్లగ ఉంటది’ అని ఒక లైనున్నది. తీసెయ్యాల్నా?

కాజీపేట జంక్షన్ (సోమవారం, రాత్రి 9:20)

తీసేయండి. కప్పు ఏమిటో చెప్పకుండా ఆ అంకెకు అర్థం లేదు. ఎండ ఎక్కువ దిగేది కప్పు నుంచి. మట్టి గోడ మీద రేకులు వేస్తే గోడ ఎంత మంచిదైనా మే నెల మధ్యాహ్నం లోపల కూర్చోలేరు. ఎవరైనా కొలిచి పెడితే: ఉష్ణమాపకం గోడకు ఎంత దూరం, నేలకు ఎంత ఎత్తు, బయటిది నీడలో ఉందా, 24 గంటలూ గంటకోసారి చదివారా.

కొలతపెట్టె (సోమవారం, రాత్రి 10:15)

గోడ లెక్క ఎవ్వరు రాయలేదు. 230×190×100 ఇటుక, 190 మి.మీ. మందం గోడ, 12 మి.మీ. సందు. చదరపు మీటరుకు 37 ఇటుకలు. విరిగేటివి 5 శాతం కలిపితే 39. గార 29 లీటర్లు. గారకు సిమెంటు 1, మట్టి 2, ఇసుక 6. ఉత్త సిమెంటు ఇసుక గార ఇటుకకంటే గట్టిగుంటది, పగులు సందుల రాకుంట ఇటుకలనే పోతది. కట్టే ముందు ఇటుకను తడపాలె, నానబెట్టొద్దు.

పునాది, పీఠం రాతి కట్టడమే. మన దిక్కు గ్రానైటుకు కరువు లేదు. నేల నుంచి కనీసం అడుగున్నర రాయి లేచి, తేమ ఆపే పొర వేసినంకనే మట్టి ఇటుక. చూరు 2 అడుగులు బయటికి రావాలె.

ములుగు మొరం (మంగళవారం, ఉదయం 7:45)

నా పూడిక మట్టి లైను వెనక్కి తీసుకున్న. ‘ఏం తప్పు జరిగితే ఏం కనపడుతది’ అన్న విభాగం నేను మొదలుపెట్టిన, సరిచేయున్రి:

ఇటుక పొరలు పొరలుగ విడిపోతున్నది: బంక ఎక్కువ, లేకుంటే ఒత్తేటప్పుడు గాలి చిక్కింది.

మూలలు రాలుతున్నయి: నీళ్లు తక్కువ, లేదా అచ్చు మూలలల్ల మట్టి చేతితోటి నొక్కలేదు.

వానకు గుంటలు పడ్డయి: మట్టి పెళ్లలు నలగలేదు. పెళ్ల లోపటికి సిమెంటు పోదు, అది ఉత్త మట్టే. జల్లెడ 5 మి.మీ. మించొద్దు.

నెలకు గూడ గోటితోటి గీకితే పొడి రాలుతున్నది: తడుపు తక్కువైంది.

కాజీపేట జంక్షన్ (మంగళవారం, ఉదయం 8:30)

బాగుంది. చివరిదానికి కారణాలు మూడు: తడుపు, పాత సిమెంటు, నీళ్లు కలిపాక ఆలస్యం. ‘28 రోజులు తడపాలి’ అన్నదాన్ని విడదీయండి. మొదటి 48 గంటలు ప్లాస్టిక్ పట్టా కింద, నీళ్లు చల్లకుండా, ఉన్న తేమ పోకుండా. ఆ తర్వాత 5, 6 వరుసలకు మించకుండా పేర్చి, గోనె సంచులు కప్పి, రోజుకు రెండు మూడుసార్లు తడపాలి. ఎండాకాలంలో సంచి ఆరిందంటే ఆలస్యమైనట్టే. ప్రతి కుప్ప మీద తేదీ, మిశ్రమం సుద్దతో రాయాలి, లేకపోతే వారానికే ఏది ఏదో తెలియదు.

బలం పరీక్ష తడి ఇటుకకే చేయాలి, 24 గంటలు నీళ్లలో ఉంచాక. పొడి ఇటుక అంకె దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. అది చూసి మోసపోయిన పట్టికలు వికీలో ఇప్పటికే రెండు ఉన్నాయి.

వీక్షణ జాబితా (మంగళవారం, ఉదయం 8:50)

ఆ రెండు పేజీల చర్చా పేజీల్లో ‘తడిదా, పొడిదా?’ అని అడిగాను. వారంలో జవాబు రాకపోతే అంకె తీసేస్తా.

చెల్కమన్ను (మంగళవారం, రాత్రి 9:35)

ముసాయిదా మార్చిన. మట్టి పరీక్ష, మిశ్రమం, ఒత్తుడు, తడుపు, గోడ లెక్క, తప్పులు అన్నీ వేరే వేరే విభాగాలైనయి. సున్నం ఇటుక పేజీకి ఎర్ర లంకె (ఇంకా లేని పేజీకి లంకె) పెట్టిన, డంగు సున్నం అన్న తెరుస్తనన్నడు. 5 డిగ్రీల లైను పోయింది. కొలిచినవాటి వరుస ఇంకా ఖాళీగనే ఉన్నది, మండలం పేరుతోటి ఎవరి దగ్గర అంకెలుంటే వాళ్లు నింపున్రి.

పరకాల పిల్లగాడు (మంగళవారం, రాత్రి 9:50)

తట్ట అన్న మాట తీసేసినవా అన్నా?

చెల్కమన్ను (మంగళవారం, రాత్రి 10:05)

తీయలే. సైటు మీద కూలీలు ఎత్తేది తట్టే. ‘మీ తట్టను 35 లీటర్ల పెట్టెల పోసి చూడున్రి, ఎన్ని తట్టలకు నిండితే దాన్ని 23 తోటి గుణించున్రి’ అని రాసిన.

కొలతపెట్టె (మంగళవారం, రాత్రి 10:12)

ఆ 23 ఐదు శాతానికే, అది గూడ మట్టి లీటరుకు 1.25 తూగితేనే. ఆ రెండు ముక్కలు అదే లైనుల పెట్టు, కింద గమనికల కాదు.

చెల్కమన్ను (మంగళవారం, రాత్రి 10:20)

పెట్టిన. సారాంశంల గూడ రాసిన.